తడి సున్నం ఒప్పుకోని నీలం

1966 మే 17, మంగళవారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. ఉష్ణోగ్రత ఆరు డిగ్రీలు. రాత్రి మొదలైన వాన నాలుగింటికి ఆగింది. గాలి లేదు. వాగు మీది నుంచి లేచిన పొగమంచు హోర్నీ బ్రెజినా చర్చి మూడో మెట్టు దాకా వచ్చి నిలిచిపోయింది. మే నెలలో చివరి చలి తెస్తాయనే మంచు పునీతుల పండుగలు దాటి రెండు రోజులైనా చలి మాత్రం ఊరు వదల్లేదు. ఈ వివరాలన్నీ, పాత చిత్రాలను బాగుచేసే హెద్వికా మలీనొవా పనిపుస్తకంలో ఆ రోజు పేజీ మీద ఉన్నాయి. తడి గాలిలో సున్నపు గార ఒకలా, పొడి గాలిలో మరొకలా ఉంటుంది కాబట్టి, ప్రతి పనిరోజూ ఆమె మొదట రాసుకునేది ఇదే. ఆ పేజీలో లేనివి, పరంజా ఎక్కబోయే ముందు అపోలెనా ఆమెతో అన్న మాటలు. అవి శాస్త్రానికి పనికొచ్చేవి కావని హెద్వికా అనుకుంది.

అపోలెనాకు డెబ్బై ఒకటో ఏడు. చర్చి తాళాలు, గంట తాడు, చీపురు, మూడూ ఆమె చేతిలోనే ఉండేవి. ఆ ఉదయం తలుపు తెరిచి, తాళాల గుత్తిని నడుముకు దోపుకుంటూ, "ఇవాళేనా?" అని అడిగింది.

"ఇవాళే, అత్తా. పరీక్ష ఫలితాలు వచ్చేశాయి కదా."

"రేపు పెట్టుకోరాదూ? చలి కొరికేస్తోంది. ఉన్న ఒక్క బట్టా లాగేస్తే ఆ తల్లికి మాత్రం చలెయ్యదూ?"

హెద్వికా నవ్వింది. "అది ఆవిడ బట్ట కాదత్తా. వందేళ్ళ తరవాత ఎవరో కప్పిన దుప్పటి. అది తీస్తే అసలు బట్ట బయటికొస్తుంది."

"నీకెవరు చెప్పారే?"

"ప్రయోగశాల చెప్పింది."

"ఆహా! ఆ ప్రయోగశాల మా ఊరొచ్చి ఎన్నాళ్ళుందో మరి," అని అపోలెనా చీపురు అందుకుంది. "సర్లే, ఎక్కు. డాక్టరమ్మ మాటకి ఎదురు చెప్పడానికి నేనెవర్ని? బకెట్లు మోసే ముసలిదాన్ని."

వాళ్ళు మాట్లాడుకుంటున్నది చర్చి పైకప్పుకు లోపలి వైపున్న చిత్రం గురించి. 1731లో కిలియాన్ ష్రామెక్ అనే చిత్రకారుడు, ఆ ఊరిని ఏలిన మఠం కోరిక మీద దాన్ని వేశాడు. మేఘాల మధ్య దేవమాత రెండు చేతులూ చాపి నిలబడి ఉంటుంది. ఆమె నీలి పైవస్త్రం, పిల్లల మీద తల్లి కొంగు కప్పినట్టు, రెండు వైపులా పరుచుకుని కిందికి దిగుతుంది. దాని నీడలో ముప్పై నలుగురు మనుషులు మోకాళ్ళ మీద ఉంటారు. వాళ్ళు పునీతులు కారు, ఆ ఊరివాళ్ళే. మరలో పిండి పట్టేవాడు, మంత్రసాని, కుంటి గొర్రెలకాపరి. ఆ ముఖాలు ఏయే ఇళ్ళవో ఊళ్ళో పిల్లలు కూడా చెప్పగలరు. "ఆ చెవులు చూశావా? మా హ్రౌదా వాళ్ళవే," అని అపోలెనా మొదటి రోజునే చూపించింది. "మా తమ్ముడు ఇప్పటికీ గాలొస్తే వాటిని పట్టుకుని నడుస్తాడు."

ఆ చిత్రానికి ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. ఆగస్టులో దేవమాత పండుగకు ముందటి శనివారం, ప్రతి ఇంటి నుంచీ ఒక గిన్నెడు పాలవిరుగుడు తెచ్చి, చిత్రానికి సరిగ్గా కింద నేల మీద వరసగా పెట్టేవారు. దాన్ని ఎవరూ తినరు. అదే విరుగుడుతో ఇంట్లో తీపి కొలాచ్ రొట్టెలు చేసుకుంటారు, అది వేరు. గిన్నెలో పెట్టింది మాత్రం అమ్మ వస్త్రానికి. ఆదివారం పూజ అయ్యాక ఫాదర్ గారి కోళ్ళు దాన్ని ఖాళీ చేసేవి. ఎందుకలా అని అడిగితే, ఆ వస్త్రం మా పాలతో వేసిందేనని ఆడవాళ్ళు చెప్పేవారు.

హెద్వికా ఈ మాటను కొట్టిపారేయలేదు. అలా కొట్టిపారేసి ఉంటే, ఆ తరవాత ఆమె పశ్చాత్తాపం కొంత తేలికగా ఉండేదేమో. ఆమె దాన్ని శ్రద్ధగా విన్నది, తూచింది, తన లెక్కలో ఒకచోట పెట్టింది. తప్పు అక్కడే జరిగింది.

ఆమె లెక్క ఇలా సాగింది. ష్రామెక్ వేసింది తడి గార మీద. తడి గార మీద వేసిన రంగుకు బంక అక్కర్లేదు, సున్నమే ఆరుతూ దాన్ని తనలో పట్టేసుకుంటుంది. కానీ పైవస్త్రం నీలంలో బంక ఉంది, అది పాలవిరుగుడు బంకేనని పరీక్షలో తేలింది. ఇక 1842లో పిడుగుపడి కప్పు పైన వాసాలు కాలినప్పుడు, పక్క ఊరి నుంచి వచ్చిన ఒక రంగులవాడు మేఘాలను బాగుచేశాడని చర్చి కాగితాల్లో స్పష్టంగా ఉంది. ఆ మేఘాల్లోనూ పాలవిరుగుడే దొరికింది. ఒకే బంక కాబట్టి చెయ్యీ ఒకటే, కాలమూ ఒకటే. ఊరి ఆడవాళ్ళు పాలిచ్చింది నిజం, అయితే ఇచ్చింది ష్రామెక్‌కు కాదు, 1842 నాటి రంగులవాడికి. ఆచారం, ప్రయోగశాల, కాగితం మూడూ ఒకే చోట కలిశాయి. అంత చక్కగా కలిసినవాటిని ఇంకొకసారి విప్పి చూడాలని ముప్పై నాలుగేళ్ళ హెద్వికాకు తోచలేదు.

ఒక్కసారి మాత్రం అపోలెనా గట్టిగానే పట్టుబట్టింది. పొర తీయడం మొదలైన రెండో రోజు పరంజా కిందికి వేడి సూప్ తెచ్చి, గిన్నె అందించకుండా చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"మా ముత్తవ్వకి వాళ్ళ అవ్వ చెప్పిందట. ఆ చిత్రకారుడు మా ఇంట్లోనే దిగాడు. సున్నం పడి ఒక కన్ను ఎప్పుడూ కారుతుండేదట. చలికాలమంతా పొయ్యి పక్కన కూర్చుని, గోడ ఆరిందా, ఆరిందా అని రోజూ అడిగేవాడట. పిడుగు కాలం నాటివాడికి గోడ ఆరడంతో పనేముంటుందే? అప్పటికి అది ఆరి వందేళ్ళు కాలేదూ?"

హెద్వికా ఒక క్షణం ఆగింది. ఆ క్షణం ఆమెకు తరవాత చాలాసార్లు గుర్తొచ్చింది.

"కాగితం ఏమన్నా ఉందా, అత్తా?"

"కాగితమా! మా ముత్తవ్వకి సంతకమే రాదు."

"నేను ప్రాగ్‌లో జవాబు చెప్పుకోవాలి కదా. మాట చూపిస్తే ఒప్పుకోరు."

"ఒప్పుకోరులే. మాటకి ముద్ర ఉండదుగా," అంటూ అపోలెనా గిన్నె ఇచ్చేసింది. "తాగు, చల్లారిపోతోంది. కోపమొచ్చింది గానీ ఉప్పు సరిగానే వేశాను."

పని పంతొమ్మిది రోజులు పట్టింది. దూది పట్టీలను మందులో ముంచి నీలం మీద అంటించడం, మెత్తబడ్డాక సన్నకత్తితో పొర పొరగా లేపడం, అడుగును శుభ్రమైన నీటితో తుడవడం. చేయి ఎప్పుడూ తలకు పైన ఉండేది. నీలం దూదికి అంటుకుని బకెట్లో పడింది. సాయంత్రాలు అపోలెనా ఆ బకెట్లను చర్చి వెనక గోడ పక్కన పారబోసింది. అడుగున బయటపడింది ఎర్రటి ఛాయ ఉన్న ముదురు గోధుమ రంగు. అది గారలో కలిసిపోయి రాయిలా గట్టిగా ఉంది, ష్రామెక్ కాలం నాటిదే, సందేహం లేదు. ఇంత గంభీరమైన రంగును దేవమాతకు కట్టబెట్టిన ధైర్యాన్ని చూసి హెద్వికా పొంగిపోయింది. ఆమె పై అధికారి, పురాతన కట్టడాల సంస్థలో ఆ విభాగానికి పెద్ద అయిన డాక్టర్ విలేమ్ వోస్ట్రీ వచ్చి, మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూసి, "ఇన్నాళ్ళకి ష్రామెక్‌కి ఊపిరాడింది," అన్నాడు. పొర తొలగించడానికి అనుమతి మీద సంతకం చేసింది ఆయనే.

ఆగస్టు 13, శనివారం నాడు గిన్నెలు ఎప్పటిలాగే వచ్చాయి, నలభై ఒకటి. మర్నాడు పూజలో జనం తలలు పైకెత్తారు. పాట మధ్యలో గొంతులు ఒకటొకటిగా తగ్గాయి. మెట్ల మీద పిండిమర యజమాని టోపీ పెట్టుకుంటూ, "మొత్తానికి మన అమ్మకి బంగాళాదుంపల బస్తా కప్పారు," అన్నాడు. నలుగురైదుగురు నవ్వారు. అపోలెనా నవ్వలేదు.

"నోర్ముయ్ రా. పాతదే ఇదంట, చదువుకున్నమ్మాయి చెప్పింది," అంది.

హెద్వికా అది విని కృతజ్ఞతతో తల ఊపింది.

అక్టోబరులో, ఆ చిత్రం గురించి ఒక వ్యాసం రాయాలని, మూతపడిన ఆ మఠం తాలూకు కాగితాలు దాచిన పత్రాల భండారానికి ఆమె వెళ్ళింది. చిత్రం కోసం మఠం రాసుకున్న ఒప్పందం దొరుకుతుందని ఆశపడితే, నాలుగో రోజు దొరికింది ఒక ఉత్తరం. తేదీ 1731 అక్టోబరు 20. ష్రామెక్ మఠాధిపతికి రాసినది.

"పైకప్పు పని పూర్తయింది, పైవస్త్రం ఒక్కటి తప్ప. నీలాన్ని తడి సున్నం ఒప్పుకోదు, దాని ప్రాణం తీస్తుంది. అందుకని కింద ముదురు రంగు మాత్రమే వేసి ఉంచాను. చలికాలమంతా గోడను ఆరనివ్వాలి. నేను ఈ ఊళ్ళోనే ఉండి, వసంతంలో నీలాన్ని పాలవిరుగుడుతో కలిపి వేస్తాను. ఇంటికో గిన్నె ఇస్తామని ఇక్కడి స్త్రీలు మాటిచ్చారు. మేఘాలు, ముఖాలు నా శిష్యులు చాలావరకు వేశారని తమరికి తెలుసు. పైవస్త్రం మాత్రం ఎవరి చేతికీ ఇవ్వను."

హెద్వికా ఉత్తరాన్ని మూడుసార్లు చదివింది. తరవాత దాన్ని ఎలా వచ్చిందో అలాగే మడిచి, కట్టలో పెట్టి, భండారం ఉద్యోగినికి ఇచ్చి, బయటికొచ్చి, ట్రామ్ కోసం నిలబడింది. మూడు ట్రామ్‌లు వెళ్ళిపోయాయి. ఆ పైకప్పు మీద ష్రామెక్ చెయ్యి మాత్రమే పడిన చోటు ఏదైనా ఉంటే, దాన్ని ఆమె పంతొమ్మిది రోజుల్లో, ఎంతో జాగ్రత్తగా, బకెట్లలోకి దించింది. సంస్థ తీసిన ఫొటోలన్నీ నలుపు తెలుపువి. పరీక్షకు తీసిన రేణువులు పరీక్షలోనే కరిగిపోయాయి.

నవంబరు 2న, చనిపోయినవాళ్ళ దినం నాడు, ఆమె హోర్నీ బ్రెజినాకు బస్సులో వెళ్ళింది. అపోలెనా స్మశానంలో భర్త సమాధి మీద కొవ్వొత్తులు వెలిగిస్తోంది. గాలికి అవి మాటిమాటికీ ఆరిపోతున్నాయి. హెద్వికా మొదటి నుంచి చివరిదాకా, ఏదీ దాచకుండా చెప్పింది. ఉత్తరంలోని మాటలు తను రాసుకొచ్చిన కాగితం చూసి చదివింది.

అపోలెనా చాలాసేపు అగ్గిపెట్టెతో తంటాలు పడింది.

"కన్ను కారేదని రాశాడా అందులో?"

"లేదత్తా."

"రాసుకోడులే. మగాడు." కొవ్వొత్తి అంటుకుంది. దాని చుట్టూ రెండు చేతులూ అడ్డం పెట్టింది. "బకెట్లు నేనే పారబోశానే. నా చేతుల్తో. రేగు కంపల మొదట్లో."

"తప్పు నాది. మీరు చెప్పారు. నేను వినలేదు."

"విన్నావు. వినకపోతే అంత బాధుండేది కాదు. విన్నావు, విని నీ లెక్కలో వేసుకున్నావు." అపోలెనా లేచి మోకాళ్ళ మట్టి దులుపుకుంది. "మళ్ళీ వేస్తారా?"

"వెయ్యొచ్చు. కానీ అది ష్రామెక్‌ది అవదు. ఏ ఛాయ నీలమో కూడా రుజువు లేదు."

"అయితే వద్దులే. బొంకు బట్ట కంటే బస్తాయే నయం. ఒక్కటి చెయ్యి. జరిగింది రాయి. నేను పోతాను, ఇంకొన్నాళ్ళకి ఆ గిన్నెలు పెట్టేవాళ్ళూ పోతారు. తరవాత వచ్చేవాడు పైకి చూసి, ఆయన అమ్మకి గోధుమ రంగే కట్టాడనుకుంటే? కాగితం లేదని కదా నా మాట పోయింది. ఇప్పుడు నీ దగ్గరుంది. రాసెయ్."

"రాస్తాను."

"ఒట్టు వద్దులే. రాయి, చాలు."

హెద్వికా రాసింది. నివేదిక పదకొండు పేజీలు వచ్చింది. ఏడో పేజీలో తన తప్పును, దానికి దారితీసిన తర్కాన్ని, ఉత్తరం పూర్తి పాఠాన్ని ఉంచింది. నవంబరు 7, సోమవారం నాడు అది డాక్టర్ వోస్ట్రీ బల్ల మీదికి చేరింది. ఆయన ఏడో పేజీ దగ్గర కళ్ళజోడు తీశాడు.

"ఇది నిజమేనా?"

"అవునండీ."

"అయ్యో దేవుడా." కమ్యూనిస్టు ప్రభుత్వ కార్యాలయంలో దేవుడి పేరు పైకి అనడం మంచిది కాని రోజులవి. ఆయన లేచి తలుపు వేసి వచ్చాడు. "ఇదిగో హెద్వికా, నేను భయపడి చెప్తున్నాననుకో, ఫరవాలేదు, భయం ఉంది. సంతకం నాది. కానీ అది ఒక్కటే కాదు. ల్హోట్కా చర్చి పైకప్పు వాసాలు పుచ్చిపోయాయి, తెలుసుగా? వచ్చే నెల జిల్లాలో దాని మీద నిర్ణయం. చర్చిలకి ఒక్క మేకు కూడా అనవసరమనే పెద్దమనిషి ఒకాయన కూర్చున్నాడక్కడ. ఈ ఏడో పేజీ ఆయన చేతికి దొరికిందనుకో, ఏమంటాడు?"

"బాగుచేస్తామని పాడుచేశారంటాడు."

"అని, ల్హోట్కాని వానకి వదిలేస్తాడు. అక్కడ ఇంకా ఒక్క పొరా ఎవరూ ముట్టుకోని చిత్రం ఉంది. పోయిన నీలం కోసం ఉన్నదాన్ని కూడా పోగొడదామా?"

"నేను మాటిచ్చానండీ."

"మాట తప్పమనడం లేదు. వాయిదా వెయ్యి. ల్హోట్కాకి కొత్త పైకప్పు వెయ్యనీ. తరవాత నువ్వే వ్యాసం రాయి, నా పేరుతో సహా వెయ్యి. అంతవరకూ నివేదికలో ఒక్క వాక్యం చాలు."

ఆ వాక్యం ఇది: "పైవస్త్రం మీద పాలవిరుగుడు బంకతో వేసిన నీలి పొర తొలగించబడింది." అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. హెద్వికా ఏడో పేజీని చింపలేదు, ఇంట్లో అట్టపెట్టెలో పెట్టింది. న్యాయంగా చెప్పాలంటే, వోస్ట్రీ ఆమెను మోసం చెయ్యలేదు. ల్హోట్కా పైకప్పును 1968 వేసవిలో కొత్త వాసాలతో కట్టారు. అక్కడి చిత్రం ఇప్పటికీ పొడిగా ఉంది.

అపోలెనా కొత్త సంవత్సరానికి కార్డు పంపేది. మంచులో చర్చి బొమ్మ, వెనక ఒకే ఒక్క మాట: "రాశావా?" 1967లో హెద్వికా "త్వరలో" అని జవాబిచ్చింది. 1968లోనూ అదే. 1969లో "ఈ ఏడు తప్పకుండా" అని రాసింది. అప్పటికి రష్యా ట్యాంకులు వచ్చి అయిదు నెలలు. మాట్లాడేవాళ్ళంతా మాటలు తూచుకుంటున్న కాలం. తను కూడా అందుకే ఆగుతున్నానని హెద్వికా తనకు తాను చెప్పుకుంది. 1970లో కార్డు రాలేదు. అపోలెనా జనవరిలో, గంట కొట్టి ఇంటికొచ్చి, పొయ్యి ముందు కూర్చుని పోయిందని ఫాదర్ గారు ఉత్తరం రాశారు. రెండేళ్ళ తరవాత పండుగకు మూడు గిన్నెలు వచ్చాయట. ఆ పై ఏడు ఒక్కటీ లేదు.

అపోలెనా పోయిన ఏడే, ట్యాంకుల తరవాతి ఏరివేతల్లో, వోస్ట్రీని ఉద్యోగం నుంచి తీసేశారు. ఆయన పేరు కాపాడాల్సిన అవసరం అంతటితో తీరింది. ల్హోట్కా సాకు అంతకుముందే పోయింది. ఇక ఏదీ అడ్డులేదని హెద్వికాకు తెలుసు. కానీ మౌనానికి తనదైన లెక్క ఒకటి ఉంటుంది. మొదటి ఏడాది చెప్పి ఉంటే ఆమె తప్పు చేసిన మనిషి అయ్యేది. అయిదో ఏడాది చెబితే దాచిన మనిషి. పదో ఏడాది నాటికి ఆమె విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతోంది, పాత పొరను తాకే ముందు వందసార్లు ఆలోచించమని పిల్లలను హెచ్చరిస్తోంది. వాళ్ళు ఆ మాటను రాసుకునేవారు. ఎవరి ఉదాహరణతో చెబుతున్నారని మాత్రం ఎవరూ అడగలేదు.

చివరికి అడిగినవాడు 1984 వసంతంలో వచ్చాడు. పేరు లుమీర్. మంచి విద్యార్థి, హోర్నీ బ్రెజినా దేవమాత ముదురు వస్త్రం మీద సిద్ధాంతవ్యాసం రాస్తున్నాడు. ఆ గోధుమ రంగు పశ్చాత్తాపానికి గుర్తని, ష్రామెక్ కావాలనే నీలాన్ని వదులుకున్నాడని, ఇది ఆ కాలపు చిత్రకళలో అరుదైన సాహసమని నూట నలభై పేజీల్లో నిరూపించాడు. అతని తర్కంలో ఎక్కడా తొందరపాటు లేదు. చేతికందిన ఆధారాలన్నీ అతనికి చక్కగా కలిశాయి.

"మేడమ్, ఆ పొరని తీసింది మీరే కదా," అన్నాడు గుమ్మంలో నిలబడే. "ఒక్క సందేహం. ఆ నీలం తరవాతిదే అనడంలో మీకెప్పుడైనా అనుమానం వచ్చిందా?"

హెద్వికా కిటికీ వైపు చూసింది. ఆమెకు యాభై రెండేళ్ళు. ఏడో పేజీ ఇంట్లో, అల్మరా పై అరలో, ఎక్కడుందో ఆమెకు చూడకుండా తెలుసు. చెప్పడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఈ కుర్రాడి రెండేళ్ళ పని కూలిపోవడానికీ అంతే. తన పద్దెనిమిదేళ్ళు కూలడానికీ అంతే.

"నివేదికలో ఉన్నదే, లుమీర్. అంతకంటే నా దగ్గర ఏమీ లేదు."

"అదే అనుకున్నాను. థాంక్స్, మేడమ్. మీరు లేకపోతే ఆ రంగు ఎవరికీ తెలిసేదే కాదు."

అతను మెట్లు దిగుతున్న చప్పుడు పూర్తిగా పోయేదాకా ఆమె కుర్చీలోంచి కదల్లేదు.

1984 జూన్ 12న ఆ సిద్ధాంతవ్యాసం అత్యుత్తమ శ్రేణిలో ఆమోదం పొందింది. నిర్ణయ పత్రం కింద ముగ్గురు పరీక్షకుల సంతకాలున్నాయి. రెండోది హెద్వికా మలీనొవాది.